హద్దు మీది ఊళ్లు

హాస్టల్లో చేరిన మొదటి వారం ఒక మిత్రుడు అడిగాడు, "మీదే ఊరు?" అని. "మునగాల దగ్గర" అన్నాను. "అంటే కోదాడ అవతలనా, ఇవతలనా?" "ఇవతలనే." "అయినా ఒకటే. నీ మాట వింటే సగం ఆంధ్రోడివే" అని నవ్వాడు. సెలవుల్లో జగ్గయ్యపేట దగ్గర మా మేనమామ గారింటికి పోతే అక్కడి పిల్లలు, "అత్తా, మీ తెలంగాణ అల్లుడొచ్చాడు" అని లోపలికి కేకేస్తారు. రెండు చోట్లా ఎవరూ కోపంతో అనలేదు. నేనూ నవ్వేశాను. కాని రాత్రి పడుకున్నాక ఒక ప్రశ్న మిగిలింది. రెండు వైపుల వాళ్లూ మమ్మల్ని అవతలి వాళ్లనే అంటున్నారే, మరి మేం ఎవరం?

ఈ ప్రశ్న నా ఒక్కడిది కాదు. సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి ఈ కాలేజీకి వచ్చిన ప్రతి విద్యార్థీ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. దీనికి జవాబు మన నేలను, దాని చరిత్రను చూస్తే దొరుకుతుందని నా నమ్మకం. నేను చరిత్ర విద్యార్థిని కాను, సైన్సు చదివే రైతుబిడ్డను. తప్పులుంటే పెద్దలు దిద్దాలి.

ముందు నేలను చూద్దాం. దక్షిణాన కృష్ణ. మిర్యాలగూడకు కింద వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఏరు దాటితే పల్నాడు. తూర్పున గరికపాడు దగ్గర పాలేరు. దాని వంతెన దాటితే జగ్గయ్యపేట, నందిగామ. మ్యాపులో చూస్తే నదులే హద్దులు గీసినట్టు కనపడుతుంది. కాని మా వైపు ఎవరినైనా అడగండి. మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికీ, జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకూ ఏటి అవతలి నుంచి జనం వస్తూనే ఉంటారు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరకు వచ్చే బండ్ల నంబర్లు చూసినా తెలుస్తుంది. పిల్లనిచ్చేటప్పుడూ తెచ్చుకునేటప్పుడూ పాలేరు ఎవరికీ అడ్డం రాలేదు. మా అమ్మ ఆ ఏరు దాటి వచ్చిందే.

పాతకాలంలో ఇది హద్దే కాదు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ క్షేత్రం, ఆ దిగువన జగ్గయ్యపేట స్తూపం, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ, ఈ మూడూ ఒకే లోకానికి చెందినవి. కాకతీయుల సామంతులైన రేచెర్ల వారు పిల్లలమర్రిలో గుళ్లు కట్టించారు. అందులో ఎరకేశ్వరాలయం 1208 నాటిది. గోల్కొండ సుల్తానుల రోజుల్లో రాజధానికీ మచిలీపట్నం రేవుకూ నడుమ సరుకు ఈ దిక్కుగానే నడిచింది. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి కూడా మచిలీపట్నం దాకానే పోతుంది. అంటే మన సీమ అప్పుడు అంచు కాదు, నడిమధ్య. దారి మీది ఊళ్లు మనవి.

అంచుగా ఎప్పుడు మారింది? 1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఒప్పుకున్నాడు. 1768లో మరో ఒప్పందంతో అది గట్టిపడింది. అటు కృష్ణా జిల్లా తెల్లవాళ్లది, ఇటు నల్లగొండ నిజాముది అయింది. దున్నేవాణ్ణి ఎవరూ అడగలేదు. ఎక్కడో కూర్చుని సంతకాలు పెట్టారు, ఇక్కడ గట్లు మారాయి.

ఆ గీత కూడా సాఫుగా లేదు. మా మునగాల పరగణానే చూడండి. చుట్టూ నైజాం ఊళ్లు, నడుమ మునగాల జమీందారీ మాత్రం బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాజధానిలో, కృష్ణా జిల్లాలో భాగం. నీళ్ల మధ్య దిబ్బలాగ. మా ఊరి నుంచి సొంత జిల్లా కచేరీకి పోవాలన్నా పరాయి రాజ్యం దాటాలి! ఇటు హాలీ సిక్కా నడిస్తే అటు కల్దారు రూపాయి. ఇటు కచేరీలో ఉర్దూ, అటు ఇంగ్లీషు, తెలుగు. ఇటు పట్వారీ, మాలీ పటేలు. అటు కరణం, మునసబు. సరుకు దాటితే కరోడ్‌గిరీ వాళ్ల సుంకం. నైజాం ఊళ్లవాళ్లు మమ్మల్ని 'ఇంగ్లీషు ఇలాఖా' అనేవాళ్లు. కృష్ణా వాళ్లు నైజాం సీమను 'మొగలాయి' అనేవాళ్లు. ఇవాళ హాస్టల్లో నేను వింటున్న మాట కొత్తదేమీ కాదు, పేరు మారిందంతే.

అయితే ఆ దిబ్బ నుంచే ఒక వెలుగు వచ్చిన సంగతి మనం మరిచిపోతున్నాం. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. ఈ కొమర్రాజు వారు కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. భువనగిరిలో పెరిగారు. నాగపూర్‌లో చదివారు. మునగాలలో కొలువు చేశారు. ఆయనది ఏ వైపు? 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టిందంటే దాని వెనుక ఈ ఇద్దరూ ఉన్నారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలైంది. చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాల పుస్తకాలు తెలుగులో అచ్చువేయించింది ఆ మండలి. సైన్సు తెలుగులో చెప్పడం సాధ్యమా అని ఇవాళ కూడా మన క్లాసుల్లో వాదన జరుగుతోంది కదా! సాధ్యమేనని నూటపదిహేనేళ్ల కిందటే చేసి చూపించినవారిలో మా పరగణా దివాను ఒకరు. రెండు రాజ్యాలనూ దగ్గర నుంచి చూసినవాడికి, తెలుగు చదువు లేని చోట ఏం పోతోందో బాగా తెలిసివచ్చిందని నేననుకుంటాను. హద్దు మీద పుట్టడం లోపం కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక్కడ ఒక నిజం కూడా దాచకూడదు. గ్రంథాలయాలకు చేయూతనిచ్చిన ఆ జమీందారీలోనే వెట్టి, అక్రమ వసూళ్ల మీద 1930లలో రైతులు తిరగబడ్డారు. పుస్తకాన్ని ప్రేమించిన చేయీ, పన్ను వసూలు చేసిన చేయీ ఒకే సంస్థానానివి. మన చరిత్రను పొగడ్తగా రాసుకుంటే సగమే రాసుకున్నట్టు.

మా నాయనమ్మకు ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్లు. ఆమె పుట్టింది కోదాడ దగ్గర నైజాం ఊళ్లో. మెట్టింది మునగాల పరగణాలో. రెండూళ్ల మధ్య పొద్దున నడిచి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. 1947 ఆగస్టు 15న పరగణా ఊళ్లో బళ్లో జెండా ఎగరేసి పిల్లలకు మిఠాయి పంచారట. ఈమె ఊళ్లో జెండా మాటెత్తడానికే భయం. "ఆళ్లకొచ్చిన సొతంత్రం మాకెందుకు రాలేదని మా నాయిన్నడిగితే నోర్మూయమన్నడు" అంటుంది. మాట చిన్నదే గాని చరిత్ర పెద్దది. ఒకే భాష, ఒకే పంట, ఒకే చుట్టరికం. అయినా ఒక ఊరికి స్వాతంత్ర్యం వచ్చిన పదమూడు నెలలకు గాని పక్క ఊరికి రాలేదు. ఆ పదమూడు నెలలూ రజాకార్ల భయం ఒక వైపు, హద్దు అవతల ఉద్యమకారుల శిబిరాలు ఇంకో వైపు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు హద్దు దాటడమే రక్ష.

1948 సెప్టెంబరు 13న భారత సేనలు విజయవాడ వైపు నుంచి ఇదే రోడ్డు మీద కదిలాయి. ఉదయమే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. ఆ తరువాత సూర్యాపేట దగ్గర విమానాల దాడి. వెనక్కి పోతున్న నిజాం సేన మూసీ వంతెనను పగలగొట్టింది. పదకొండేళ్ల పిల్లగా మా నాయనమ్మ రోడ్డు పక్కన చేలో దాక్కుని లారీలు లెక్కపెట్టిందట. ఎన్నని అడిగితే, "ఇరవై దాకనే వచ్చు నాకు, మళ్లా మొదటి నుంచి లెక్కవెట్టిన" అని నవ్వుతుంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ తరువాత మునగాల కృష్ణా జిల్లా నుంచి విడివడి నల్లగొండలో కలిసింది. గీత పోయిందనుకున్నారు. పోయిందా? మా నాయన పొలం లెక్క చెబితే "ఎకరం ఇరవై ఎనిమిది గుంటలు" అంటాడు. మా మేనమామ తన పొలం "ఎకరం డెబ్బై సెంట్లు" అంటాడు. రెండూ ఒకటే! ఎకరానికి నలభై గుంటలు, నూరు సెంట్లు. గుంట అంటే రెండున్నర సెంట్లు. ఇటు పహాణీ, అటు అడంగల్. ఇటు ఉల్లిగడ్డ, ఆలుగడ్డ. అటు ఉల్లిపాయ, బంగాళాదుంప. కోదాడ అంగట్లో మాత్రం రెండూ చెల్లుతాయి. కొనేవాడి మాటను బట్టి అమ్మేవాడు మాట మారుస్తాడు. దాన్ని చూసి కొందరు నవ్వుతారు. నేనైతే అది ఒక విద్య అంటాను. ఇంత అలవోకగా రెండు లెక్కలు, రెండు మాటలు వచ్చిన జనం ఇంకెక్కడున్నారు?

ఉన్నారని ఈ ఏడాది లైబ్రరీలో అట్లాసు తిరగేస్తుంటే తెలిసింది. యూరప్ తూర్పు కొసన ప్రూట్, నీస్టర్ అనే రెండు నదుల మధ్య బెస్సరాబియా అనే సీమ ఉంది. అక్కడి వాళ్లలో ఎక్కువమందిది రుమేనియన్ భాష. వ్యవసాయం, ద్రాక్ష తోటలు. 1812లో టర్కీ సుల్తానూ రష్యా చక్రవర్తీ బుఖారెస్టులో సంధి రాసుకుని మొల్దావియా సంస్థానాన్ని రెండుగా కోశారు. ప్రూట్ నదికి తూర్పు ముక్క రష్యాకు పోయింది. 1918లో ఆ ముక్క రుమేనియాలో కలిసింది. 1940లో సోవియట్ యూనియన్ లాక్కుంది. 1991లో మొల్దోవా అనే స్వతంత్ర దేశమైంది. సోవియట్ కాలంలో అదే భాషను రష్యన్ లిపిలో రాయించి, ఇది రుమేనియన్ కాదు, 'మొల్దావియన్' అనే వేరే భాష అని పిల్లలకు నేర్పారు. 1989లో పాత లాటిన్ లిపి తిరిగి వచ్చింది. 2023లో అక్కడి పార్లమెంటు తమ భాష పేరు రుమేనియన్ అనే చట్టాల్లో రాసుకుంది. నీస్టర్ అవతలి సన్నని పట్టీ మాత్రం తాను వేరే దేశమంటూ ఇప్పటికీ విడిగా ఉంది. అక్కడ ఆ రష్యన్ లిపే నడుస్తోంది.

ఇది చదివినప్పుడు నాకు మా మునగాల గుర్తొచ్చింది. 1766, 1812. రెండూ పైవాళ్ల సంతకాలే. తేడాలు లేకపోలేదు. మనకు లిపి మార్చలేదు, మన భాషకు వేరే పేరు పెట్టలేదు. కాని అక్కడి వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసిన మాట ఒకటుంది. వాళ్లు రుమేనియాలో కలవకుండా వేరే దేశంగానే ఉన్నారు. అయినా మా భాష మీ భాషే అని ధైర్యంగా రాసుకున్నారు. ఒక భాష వాళ్లు ఒకే ప్రభుత్వం కింద ఉండి తీరాలని లేదు. రెండు ప్రభుత్వాల కింద ఉన్నంత మాత్రాన పరాయివాళ్లు కావాలనీ లేదు. నేను చెప్పదలచింది ఇంతే.

"అయితే మళ్లీ సమైక్యం కావాలంటావా?" అని మిత్రులు నిలదీస్తారని తెలుసు. కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ఏమైందో, 1969లో ఎందుకు నెత్తురు కారిందో చదివాను. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చిన నాడు నాకు తొమ్మిదేళ్లు. మా ఊళ్లో కూడా జెండా ఎగరేశారు, నేనూ జై కొట్టాను. ఆ రాష్ట్రం న్యాయమైన కోరికే. నేనడిగేది రాష్ట్రం సంగతి కాదు. గీత మీద బతికేవాళ్ల సంగతి ఎవరు చూస్తారు అని.

ఎందుకంటే గీత మీద జరిగే ప్రతి గొడవా ముందు మా వాకిట్లోకి వస్తుంది. 2021 మే నెలలో కోవిడ్ రోగులతో అటు నుంచి హైదరాబాదు పోతున్న అంబులెన్సులను సరిహద్దులో ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకుంటే గాని కదలలేదు. 2023 నవంబరు ఆఖరున నాగార్జునసాగర్ డ్యాం మీద సగం గేట్ల దాకా ఆంధ్రప్రదేశ్ పోలీసులు చేరి ముళ్లకంచె వేశారు. చివరికి కేంద్ర బలగాలను కాపలా పెట్టవలసి వచ్చింది. ఇటు సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించాక, అటు నుంచి వడ్లు రాకుండా వాడపల్లి వంటి చోట్ల తనిఖీలు మొదలయ్యాయి. మిర్యాలగూడ మిల్లులకు ఏటి అవతలి వడ్లు ఎప్పటి నుంచో అలవాటే. బోనస్ ఇక్కడి రైతుకే దక్కాలన్నది న్యాయమే, మా నాయనకూ కావాలది. కాని ఇటు రెండెకరాలు, అటు అత్తగారిచ్చిన ఎకరం దున్నుకునేవాడు తన సొంత గింజకు ఏ కాగితం చూపాలి? ఆ కాగితం రాసేటప్పుడు వాడొకడున్నాడని గుర్తుండాలి కదా!

నా లెక్కే చెబుతాను. ఇంట్లో ఇబ్బంది వచ్చి తొమ్మిది, పది తరగతులు మేనమామ ఇంట్లో ఉండి చదివాను. తరువాత కోదాడలో ఇంటర్. కాలేజీలో సీటుకు ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు జతచేశాను. ఏడింటిలో అయిదేళ్లు ఇక్కడివి కనుక స్థానికుణ్ణయ్యాను. ఇంటర్ కూడా అక్కడే చదివి ఉంటే వరసగా నాలుగేళ్లు అక్కడివై, సొంత ఊళ్లో తాతలనాటి పొలం ఉన్నా, నేను స్థానికేతరుణ్ణి. నియమం అవసరమే, వెనుకబడ్డ ప్రాంతానికి రక్షణగానే 1974లో వచ్చింది. కాని అది మనిషిని ఏ బడిలో కూర్చున్నాడో దాన్ని బట్టి కొలుస్తుంది. హద్దు మీది పిల్లవాడికి బడి ఎప్పుడూ దగ్గరి చుట్టం ఉన్న వైపే దొరుకుతుంది.

నీటికి మాత్రం ఇవేవీ తెలియవు. సాగర్ ఎడమ కాలువ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాలను తడిపి ఆంధ్రలోకి పోతుంది. 1967లో ఆ నీళ్లు వదిలాకే మా చెల్కలు వరి మడులయ్యాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కుంభవృష్టి కురిసింది. నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతిని విజయవాడ రోడ్డు ఆగిపోయింది. మా ఇసుక మేట వేసిన మడి చూసి మా నాయన గట్టు మీద కూలబడ్డాడు. అదే పొద్దున మేనమామ ఫోను. "బావా, మా చేనూ పోయింది, మీరెట్లున్నారు?" అని. ఆ ఫోనుకు ఏ రాష్ట్రం నంబరని మా నాయన అడగలేదు.

మిత్రులారా, వట్టి బాధ చెప్పి ముగించడం నాకిష్టం లేదు. ఒక పని చెబుతాను. 1948ని కళ్లారా చూసినవాళ్లు ఇక కొద్దిమందే మిగిలారు. మా నాయనమ్మ వంటివాళ్లు పోతే ఆ లారీల లెక్కా పోతుంది. మన కాలేజీలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు విద్యార్థులం చాలామందిమి ఉన్నాం. ఈ వేసవిలో ఒక్కొక్కరం మన ఊరి గురించి ఒక్క నోటుబుక్కు నింపుదాం. ఊరు ఎవరి ఇలాఖాలో ఉండేది, ఏ నాణెం చెల్లేది, పొలం ఏ లెక్కన కొలిచేవారు, చుట్టరికాలు ఏ ఊళ్లతో, పోలీసు చర్య నాడు ఏం చూశారు. ముసలివాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటలోనే రాద్దాం. దిద్దొద్దు. చరిత్ర శాఖ అధ్యాపకులు దారి చూపితే, యూనియన్ వచ్చే ఏడు సావనీర్‌లో నాలుగు పేజీలు ఇస్తే చాలు. పాత విద్యార్థులలో ఆ సీమవారు కూడా తమ ఇళ్లలోని పాత పహాణీలు, అడంగళ్లు, రసీదులు బయటికి తీయగలరు. ఆ కాగితాలు రేపు చరిత్రకే కాదు, ఒక సరిహద్దు రైతు తన గింజ తనదని చూపుకోవడానికీ పనికొస్తాయి.

హాస్టల్ మిత్రుడికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. మాది మునగాల పరగణా, సూర్యాపేట జిల్లా, తెలంగాణ రాష్ట్రం. మా అమ్మది జగ్గయ్యపేట దిక్కు. ఇందులో ఏ ఒక్కటీ ఇంకోదానికి అడ్డం కాదు. ఈ దసరాకు మా ఊరు రా. పెద్దగట్టు చూపిస్తాను, పిల్లలమర్రి చూపిస్తాను, పాలేరు వంతెన మీద నిలబెడతాను. మా నాయనమ్మను కూడా అడుగుదువు, మనం ఏ వైపని. ఆమె మాత్రం ముందు, "అన్నం తిన్నవా బిడ్డా?" అని నిన్నడుగుతుంది.